మాట వినని కొమ్మలు

ఫిబ్రవరి 8

చిట్టితల్లికి,

నీ చేతికి అప్పగించిన దాని గురించి రేపు నిన్ను నిలబెట్టి అడిగితే ఏం జవాబు చెబుతావు? నిన్నొక్కదాన్నే కాదు, ఈ కాగితం ఎవరి కంటబడినా వాళ్లనూ అడుగుతున్నాను. తల దించుకుంటారా? పక్కవాడి వైపు వేలు చూపిస్తారా? నేనైతే తలెత్తి చెబుతాను. నువ్వు నాకు అప్పగించి వెళ్లిన సాల్వియా పూలపొద నా నడుం దాటి పెరిగింది! రోజూ పొద్దున కుట్టు మిషను దుమ్ము తుడవకముందే దాని దగ్గరికి వెళ్లి, ఒక ఆకు నలిపి వాసన చూసి, అప్పుడు దుకాణం తలుపు తీస్తున్నాను.

నువ్వు గోడకు అంటించిన కాగితాన్ని మీ పెద్దమ్మ రోజుకోసారి పైకి చదువుతోంది. ఆరు గంటల ఎండ, మట్టిలో సగం గరుకు ఇసుక, వేలు గుచ్చి చూసి తడి లేకపోతేనే నీళ్లు. చదివేసి, ‘నా మందుల చీటీని ఈ ఇంట్లో ఎవరైనా ఇంత శ్రద్ధగా చదివారా?’ అంటోంది.

ఒక్కటే లోపం కనిపిస్తోంది. పైన గుబురుగా ఉంది గానీ కింద కాడలు కట్టెలా ముదిరి బోసిపోయాయి. పైన కోటు తొడుక్కుని, కింద ప్యాంటు మరిచిపోయి కొలతలకు వచ్చిన మనిషిలా ఉంది. నేను వచ్చేదాకా కత్తిరించొద్దని నువ్వు రాశావు. ఫలించే తీగెను ఇంకా ఫలించాలని తోటవాడే కత్తిరిస్తాడని లేఖనం చెబుతోంది. లేఖనం గొప్పదా, నీ కాగితం గొప్పదా? ఇరవై రెండో తారీఖు ఆదివారం కూడికలో నేనే మాట్లాడాలి. ఈ కత్తిరింపు మీదే మాట్లాడతాను. వెంటనే జవాబు రాయి. ఫోను మాత్రం చెయ్యకు. ఫోనులో నేను అరుస్తానని మీ పెద్దమ్మ చెవులు మూసుకుంటోంది. పైగా అందులో చెప్పిన మాటను మళ్లీ తీసి చదువుకోవడానికి ఉండదు.

ఎల్లవేళలా నీ కోసం మోకరించే
పెదనాన్న


ఫిబ్రవరి 16

పెదనాన్నకి,

లేఖనమే గొప్పది. కానీ లేఖనంలో ఉన్నది ద్రాక్ష, మన పెరట్లో ఉన్నది సాల్వియా. దీన్ని ఆకులున్న చోట తుంచితే చిగురేస్తుంది. ఆకు లేని ముదురు కట్టెలోకి దిగితే అక్కడ చిగురు పెట్టే కన్ను ఉండదు, అంతే సంగతులు. కాబట్టి నీ కత్తెరను బట్టల దగ్గరే ఉండనివ్వు.

ఇక్కడ నర్సరీలో రోజుకు నాలుగు వందల కుండీలు నింపుతున్నాను. భోజనానికి కూర్చున్నా గోళ్లలో మట్టే. మా సూపర్‌వైజరమ్మ బూట్ల చప్పుడు వినిపిస్తే షెడ్డులో కారే కొళాయి కూడా కాసేపు ఆగుతుంది.

నీకు ఎప్పుడూ వివరంగా చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. ఆ పొద నేను కొన్నది కాదు. మన పెరట్లో రెండు కుండీల మధ్య సందులో దానంతట అదే మొలిచింది. నిప్పుకణిక మీద పల్చగా బూడిద కప్పినట్టుండే ఆ రంగును నేను మరెక్కడా చూడలేదు. విత్తనం వేస్తే ఆ రంగు రాదు, కొమ్మ నాటితేనే వస్తుంది. అలాంటిది ఒక్కటే ఉంది పెదనాన్నా, అదీ నీ పెరట్లో. ఇక్కడికి తెచ్చుకుందామంటే, నర్సరీ కంచె లోపల పెరిగిన ప్రతి మొక్కా నర్సరీదే అని రూలు. జూన్ మొదటి వారంలో తోటల సమితి ప్రదర్శన జరుగుతుంది. కొత్త రకం తెచ్చినవాళ్లు ఒకే రంగు పూసిన మూడు కుండీలు చూపించాలి. నెగ్గితే సొంతంగా మొక్కలు పెంచుకోవడానికి రెండేళ్లపాటు ఒక అద్దాల గది ఇస్తారు. నాకు అది కావాలి. ఇంత గట్టిగా నేను దేన్నీ కోరుకోలేదు. మార్చిలో సెలవు పెట్టి వచ్చి అక్కడే కొమ్మలు నాటుకుంటాను. అప్పటిదాకా దాన్ని తాకకు.

పెద్దమ్మ మోకాలు ఎలా ఉంది?

నీ
చిట్టితల్లి


ఫిబ్రవరి 26

చిట్టితల్లికి,

నీ ఉత్తరం సోమవారం అందింది. ఆదివారం గడిచాకే కదా సోమవారం వచ్చేది.

పొద విశ్రాంతిలో ఉంది. బరువు తగ్గింది. ఇదివరకు అది అడ్డం ఉండి ఎండ పడని చోట కూడా ఇప్పుడు ధారాళంగా పడుతోంది. ప్రసంగం గురించి చెప్పాలంటే జనం కదిలిపోయారు, కొందరు కళ్లు తుడుచుకున్నారు.

ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నాను, మన ఇంటి సంగతి అనుకునేవు. ఎవరైనా తెలియక సాల్వియాను జానెడు మోడుగా కోసేస్తే దానికి దారి ఏమైనా ఉందా? నరికిన చెట్టు కూడా నీటి వాసన తగిలితే చిగురిస్తుందని కష్టాల్లో ఉన్న ఆ భక్తుడు అన్నాడు. ఎన్ని బిందెలు పోయాలో మాత్రం ఆయన చెప్పలేదు.

మీ పెద్దమ్మ మోకాలు పరవాలేదు. నీకు ఇంకేదో కూడా రాయమని నా భుజం పొడుస్తోంది గానీ, కాగితంలో చోటు లేదు.

పెదనాన్న


మార్చి 5

పెదనాన్నకి,

నీ ఉత్తరం షెడ్డులో అందరికీ చదివి వినిపించాను. విశ్రాంతి అన్నావే! చలి పూర్తిగా పోయేదాకా ఈ పొదలు ఊరికే కూర్చుంటాయని ఇక్కడ కొత్తగా చేరినవాళ్లకు ఎంత చెప్పినా ఎక్కదు. ‘మీ పెదనాన్నను ఇక్కడికి రమ్మను, వీళ్లకు పాఠం చెబుతాడు’ అంది సూపర్‌వైజరమ్మ. బరువు తగ్గిందంటే ఎండు పూలు తుంచేశావన్నమాట. బంగారు చేతులు నీవి.

ఆ మోడు సంగతి అడిగినవాడు ఎవరో నాకు తెలిసిపోయింది. పక్క వీధి బేకరీ ఆయనే కదా? నీకు మొహమాటం ఉంటుందని నేనే ఆయనకు ఒక కార్డు రాసి పడేశాను. మొక్క మీద అంత కసి ఉంటే ఎవరికైనా ఇచ్చెయ్యొచ్చు, హత్య చెయ్యక్కర్లేదని. నీళ్లు పోస్తే బాగుపడుతుందని పొరపాటున కూడా చెప్పకు. తడి ఎక్కువైతే మిగిలిన వేరు కూడా కుళ్లుతుంది.

ఇరవై ఒకటిన సెలవు దొరికింది. మూడు కుండీలు తెస్తానని సమితికి ముందుగా ఒక చీటీ కూడా రాశాను. అసలు నమోదు జూన్ రెండున.

ఎగిరి గంతేస్తున్న
చిట్టితల్లి


మార్చి 15

చిట్టితల్లికి,

బయలుదేరకు. ముందు ఇది చదువు.

బేకరీ ఆయన నీ కార్డు పట్టుకుని పిండి చేతులతో దుకాణంలోకి వచ్చాడు. ‘అయ్యగారూ, నేను హంతకుణ్ణట! మీ అమ్మాయి రాసింది. గులాబీ ముల్లు గుచ్చుకుంటేనే దానికి సారీ చెప్పే మనిషిని నేను!’ అన్నాడు. కొలతలకు వచ్చిన ఇద్దరి ముందు నిజం ఒప్పుకున్నాను. నీకు చెప్పాల్సింది ముందు ఆయనకు చెప్పాను. అదొక తప్పు.

పొదను చంపింది నేను.

పొదను కుండీతో సహా కూడిక జరిగే హాలుకు మోయించి బల్ల మీద పెట్టించాను. తోటవాడి చేతిలో కత్తెర గురించి చెబుతున్నాను. గొంతు లేచింది, జనం లేచారు, నా చెయ్యీ లేచింది. కోటు గుడ్డ కోసే పెద్ద కత్తెర. ఒక్కో పాపం పేరు చెప్పి ఒక్కో కొమ్మ కోశాను. చాడీలు అన్నాను, కోశాను. సోమరితనం అన్నాను, కోశాను. నా దగ్గర పాపాల జాబితా ఎంత పొడుగో నీకు తెలుసు కదా తల్లీ. జాబితా అయ్యేసరికి జానెడు మోడు మిగిలింది. గర్వం దగ్గరికి ఇంకా రానేలేదు.

అక్కడితో ఆగానా? వచ్చిన ముప్పై ఒక్క ఇళ్లవాళ్లకూ తలో కొమ్మ పంచి, ‘గుమ్మం మీద పెట్టండి, చుక్క నీరు చూపించకండి, చెట్టు నుంచి తెగిన కొమ్మ ఎలా ఎండుతుందో రోజూ కళ్లారా చూడండి’ అని గర్జించాను. మర్నాడు నీ ఉత్తరం వచ్చింది. ఆ రోజు మొదలు నీటి వాసన తగలాలని పూటకో బిందె పోశాను. నిన్న మోడును పట్టుకుంటే వేరుతో సహా మెత్తగా చేతిలోకి వచ్చేసింది.

రెండు ఆదివారాలుగా గొంతు నొప్పి అని చెప్పి మాట్లాడటం లేదు. ‘దెబ్బ తగిలింది గొంతుకు కాదులెండి’ అంటోంది మీ పెద్దమ్మ. చిన్నప్పటి నుంచి నిన్ను ఎత్తుకున్న చేతులివి. వీటితోనే నీ కోరికను కోసేశాను. సమితి ముందు నిలబడి తప్పు నాదని చెప్పమంటే చెబుతాను. నువ్వు ఏమన్నా పడతాను.

పెదనాన్న


మార్చి 19

పెదనాన్నకి,

నీ ఉత్తరం చదివి, ఖాళీ సంచులు పెట్టే గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని ఏడ్చాను. సూపర్‌వైజరమ్మ తలుపు కొట్టి, ‘ఎవరు పోయారే?’ అంది. ‘పొద’ అన్నాను. ఆవిడ లోపలికి వచ్చి, బూట్లు విప్పి, సంచుల మీద నా పక్కన కూర్చుంది. నీకు ఈ ఏడాదంతా ఉత్తరం రాయకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

ఆ ఒట్టు మధ్యాహ్నం దాకా నిలిచింది. కుండీ నింపుతూ నింపుతూ చెయ్యి ఆగిపోయింది. ముప్పై ఒక్క కొమ్మలు! పెదనాన్నా, నీకు అర్థమవుతోందా? ఇక్కడ మేం మొక్కలు చేసేదే అలాగ. ఆకులున్న కొమ్మను నీళ్లలోనో ఇసుకలోనో గుచ్చితే మూడు నాలుగు వారాల్లో వేరు పడుతుంది. నువ్వు కోసింది ఒక్క పొదను. పంచింది ముప్పై ఒక్క పొదలను, వాళ్లు గనక నీ మాట వినకపోయి ఉంటే!

పచ్చని కొమ్మను చూసి ఒక్కరికైనా జాలి వేసి ఉండదా? ప్రసంగంలో నిద్రపోయి ఆఖరి మాట విననివాళ్లు ఒక్కరైనా లేరా? నీ మాట విననివాళ్ల కోసం ఒక్కసారి కృతజ్ఞతతో ప్రార్థన చెయ్యి. చేసి, చెప్పులేసుకుని ఇంటింటికీ వెళ్లు. సెలవు రద్దు చేసుకున్నాను, ఆ రోజులు జూన్‌లో వాడుకుంటాను. బేకరీ ఆయనకు నా క్షమాపణలు చెప్పు.

కోపం ఇంకా సగం ఉన్న
చిట్టితల్లి


మార్చి 28

చిట్టితల్లికి,

తిరిగాను. ముప్పై ఒక్క ఇళ్లూ తిరిగాను.

ఇరవై రెండు గుమ్మాల మీద కొమ్మ నేను చెప్పినట్టే ఎండి చీపురుపుల్లలా ఉంది. ‘చూశారా అయ్యగారూ, చుక్క నీరు చూపించలేదు’ అని ఒకావిడ మెచ్చుకుంటానేమోనని చేతులు కట్టుకు నిలబడింది. విధేయతను చూసి నేను తల దించుకోవడం ఇదే మొదలు. మన ఇంటి కొమ్మ మిషను పైన మేకుకు వేలాడుతోంది. ‘ముప్పై ఏళ్లలో ఒక్కసారి మీ మాట విన్నాను. ఏమైందో చూశారా?’ అంది మీ పెద్దమ్మ.

మిగిలిన తొమ్మిదింటిలో రెండు చెత్తలోకి పోయాయి, నాలుగు నీళ్లెక్కువై కుళ్లాయి. ఇక మూడు. వెనక బల్ల మీద పదేళ్లుగా కునికే బస్సు కండక్టరు తన కొమ్మను స్నానాల గది కిటికీలో గాజు గ్లాసులో పెట్టాడు. తెల్లటి వేళ్లు, గడ్డంలా! ‘నీళ్లు పెట్టమనే కదా అన్నారు?’ అని నన్నే అడిగాడు. ఆ నిద్ర దీవెన పొందునుగాక! రెండోది బేకరీ ఆయన డబ్బాలో ఉంది. ‘రోజంతా పొయ్యి ముందు ఉండేవాణ్ణి, ఇంటికి వచ్చాక కూడా ఎండిపోయేది చూడలేనండీ’ అన్నాడు.

మూడోది వడ్రంగి దగ్గర ఉంది. రెండేళ్ల కిందట నేను ప్రసంగంలో వేలెత్తి చూపించానని కూడికకు రావడం మానేశాడే, ఆయన. ఆ రోజు వాళ్ల ఆవిడ తెచ్చిన కొమ్మను తీసుకుని చెక్కపెట్టె చేసి, ఇసుక పోసి నాటాడు. అన్నిటికన్నా అదే ఏపుగా ఉంది, నాలుగు చిగుళ్లు.

‘ఏమోయ్ దర్జీ, కొమ్మ కోసం వచ్చావా, నా కోసం వచ్చావా?’ అన్నాడు.

‘కొమ్మ కోసం’ అన్నాను. అబద్ధం ఆడలేకపోయాను.

‘నయం, నిజం చెప్పావు. నన్ను నలుగురిలో ఎండిన కొమ్మ అన్నావు. అదే బల్ల దగ్గర నిలబడి తప్పయిందని చెప్పు, పెట్టెతో సహా నేనే మోసుకొస్తా.’

తల్లీ, రెండు మొక్కలు చేతికి వచ్చాయి. మూడోదానికి ఒక్క మాట అడ్డం. ఆ మాట ఎందుకో నా నోట్లో తిరగడం లేదు.

పెదనాన్న


ఏప్రిల్ 6

పెదనాన్నకి,

మూడు బతికున్నాయి! షెడ్డులో ఖాళీ బకెట్టు మీద దరువు వేశాను. సూపర్‌వైజరమ్మ కూడా కాలితో తాళం వేసింది, తర్వాత వెయ్యలేదంది.

కొత్త చిగురు మూడు జతల ఆకులు వేశాక కొన గిల్లెయ్యి, పక్క కొమ్మలు వస్తాయి. గోటితో గిల్లాలి. కత్తెర ఉన్న గదిలోకి కూడా మొక్కను తీసుకెళ్లకు.

వడ్రంగి గారి సంగతి. ఇప్పుడు ఉన్నవాటి నుంచి మళ్లీ కొమ్మ తీసి నాటినా జూన్‌కి పూయదు, అది నిజం. అయినా నా కోసం నువ్వు ఆ మాట చెప్పొద్దు. కుండీ కోసం చెప్పే క్షమాపణ కుండీకే చెందుతుంది, ఆయనకు చెందదు. కావలిస్తే వచ్చే ఏడాది దాకా ఆగుతాను. నీకు నిజంగా తప్పు అనిపిస్తేనే చెప్పు.

కోపం అయిపోయిన
చిట్టితల్లి


ఏప్రిల్ 20

చిట్టితల్లికి,

నాకే ప్రసంగం చేశావు కదే! నీ ఉత్తరం జేబులో పెట్టుకుని మూడు రోజులు తిరిగాను. నాలుగో రోజు దుకాణం మూసి వడ్రంగి దగ్గరికి వెళ్లాను. ‘నీ పెట్టె నీ దగ్గరే ఉంచుకో. ఈసారి నీ కోసం వచ్చాను’ అన్నాను. ఆయన చిత్రిక పట్టడం ఆపలేదు. కాలితో స్టూలు నా వైపు తోశాడు.

నిన్న ఆదివారం అదే బల్ల దగ్గర నిలబడ్డాను. తోటలోకి పోనని చెప్పి తర్వాత పోయిన కొడుకు గురించి మాట్లాడాను. ‘నేను చెప్పింది చేసినవాళ్ల చేతిలో పుల్ల మిగిలింది. నేను చెప్పింది చెయ్యనివాళ్ల దగ్గర మొక్క బతికింది. ఎండిన కొమ్మ అని నేను తీర్పు తీర్చిన మనిషి చేతిలో అది అందరికన్నా ఏపుగా ఉంది. ఆ తీర్పు నాది, దేవుడిది కాదు. తప్పయింది’ అన్నాను. ఆ ఒక్క రోజు కండక్టరు మెలకువగా ఉన్నాడు.

అప్పుడు గుమ్మం మీద పుల్ల ఎండబెట్టినావిడ లేచి, ‘అయ్యగారూ, ఇకనుంచి మీ మాట వినాలా వద్దా? ఒక్కటి తేల్చండి!’ అంది. నవ్వు మొదలైతే ఆగితేనా! ఆ నవ్వులోనే తలుపు తోసుకుని వడ్రంగి పెట్టె భుజాన పెట్టుకుని వచ్చాడు. దాన్ని బల్ల మీద దించి, ‘ముందు దర్జీ జేబులు వెతకండి, కత్తెర తెచ్చాడేమో’ అన్నాడు. మీ పెద్దమ్మ నవ్వి నవ్వి బల్ల పట్టుకుని కూర్చుండిపోయింది. గర్వం అనే కొమ్మ అంత సుఖంగా తెగుతుందని నాకు ఇన్నాళ్లూ తెలియదు.

మూడూ ఇప్పుడు మన పెరట్లో ఉన్నాయి. కొనలు గోటితోనే గిల్లాను.

పెదనాన్న


మే 29

పెదనాన్నకి,

మూడూ మొగ్గ తొడిగాయన్న నీ కార్డు చదివి ఎగిరాను. కానీ ఒక మాట అడగాలి.

సూపర్‌వైజరమ్మ నిన్న పక్కకు పిలిచింది. నమోదు ఫారంలో పెంచినవారు అన్న గడిలో నర్సరీ పేరు రాస్తే, గెలిచినా ఓడినా ఇక్కడ నా పని ఖాయం చేస్తారట. నా పేరే రాసుకుంటే, అద్దాల గది రాకపోతే, ఈ సీజను అయ్యాక ఇక్కడ పని ఉంటుందో లేదో ఆవిడ చెప్పలేదు. ఆవిడ మంచిది, భయపెట్టలేదు. భయం నాదే. పెద్ద పెద్ద తోటలవాళ్లు వస్తారు. సందులో మొలిచిన మొక్కతో నేనెవర్ని వాళ్ల ముందు? నర్సరీ పేరే రాసేద్దామని ఉంది. గడువు రెండో తారీఖు సాయంత్రం ఐదింటికి. నువ్వేమంటావు?

చిట్టితల్లి


జూన్ 2, ఉదయం

చిట్టితల్లికి,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. దీన్ని ఇప్పుడు బయలుదేరే బస్సులో మన కండక్టరు చేతికి ఇచ్చి పంపుతున్నాను. ఇది నీ చేతికి వచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటుతుంది. మనిషి కళ్లెర్రగా ఉన్నా అనుమానించకు. నీ షెడ్డు వచ్చేదాకా దారిలో కునకనని నాకు మాటిచ్చాడు.

మూడూ పూశాయి. మీ పెద్దమ్మ ఒక్కో కుండీ నుంచి ఒక్కో పువ్వు తుంచి, తెల్లగుడ్డ మీద పక్కపక్కన పెట్టి, ఎండలోకి ఒకసారి, నీడలోకి ఒకసారి తిప్పి చూసింది. దర్జీ భార్యకు రంగు తేడా దొరక్కుండా పోదు. ‘ఒకే తాను’ అంది. తేనెటీగలు పొద్దున్నే వచ్చి ఒప్పుకున్నాయి. రేపు తెల్లవారగానే నేనూ వడ్రంగీ వాటిని తీసుకుని బయలుదేరుతున్నాం. కుదుపుకు విరగకుండా ఆయన మూడు గూళ్ల పెట్టె చేశాడు. బేకరీ ఆయన కూడా వస్తానని గొడవ, నిన్ను చూసి తను హంతకుడు కాదని ముఖాముఖి చెప్పాలట.

ఇక నీ ప్రశ్న. భయపడి తనకిచ్చిన దాన్ని భూమిలో పాతిపెట్టినవాడి కథ నీకు మొదట చెప్పింది ఎవరు? నేనే. వాడు దొంగ కాడు, తాగుబోతు కాడు. వాడికి భయం, అంతే. నేను ఆ పొదను కోశాను, వాళ్లు దాన్ని బతికించారు. కానీ రెండు కుండీల సందులో వచ్చిన మొలకను కలుపు అనుకుని పీకెయ్యకుండా ఆగిన చెయ్యి ఎవరిది? అది నీ చెయ్యి. పెంచినవారు అన్న గడిలో ఆ చేతి మనిషి పేరే ఉండాలి. ఆ సూపర్‌వైజరమ్మ దగ్గరికి ముందు వెళ్లు, తల దించకుండా, దాచకుండా చెప్పు. సంచుల మీద నీ పక్కన కూర్చున్న మనిషికి అర్థమవుతుంది. అర్థం కాకపోతే మన దుకాణం వెనక గది ఖాళీ చేసి పెట్టాం, మీ పెద్దమ్మ కిటికీ కూడా కడిగింది, ఎండ ఆరు గంటలు పడుతుంది.

వచ్చే ఏడాది రాద్దాం అనకు. రేపు పెదనాన్న వచ్చాక రాద్దాం అనకు. రేపు ఆ నమోదు కిటికీ మూసి ఉంటుంది. గడియారం చూడు, ఇంకా రెండు గంటలకు పైగా టైముంది. చేతులు కడుక్కో, గోళ్లలో మట్టి పోకపోతే పోనీ, అలాగే వెళ్లు. కలం పట్టు. నీ పేరు పెద్ద అక్షరాల్లో, గడి దాటినా సరే, రాయి.

పెదనాన్న

ఇంకా చదువుతూ నిలబడ్డావా? కాగితం మడువు. లే, కదులు, ఈ రోజే, ఇప్పుడే!